దేని మీద? రోజువారీ లెక్కలు ఎక్కడ తప్పుతాయంటే

విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో టమాటా కిలో 28 రూపాయలు అనుకుందాం. 350 గ్రాములు కొంటే ఎంత ఇవ్వాలి? ఈ లెక్కను ఏడో తరగతి పిల్లాడికి నోటుబుక్కులో ఇచ్చి చూడండి. 28ని 350తో హెచ్చవేసి, 9,800 అని రాసి, కింద రెండు గీతలు గీసి, తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయేవాళ్లు ఏ క్లాసులోనైనా కొందరుంటారు. హెచ్చవేతలో తప్పేమీ లేదు, ఎక్కాలు బాగానే వచ్చు. అదే పిల్లాడికి సంచీ, ఇరవై నోటు ఇచ్చి బజారుకు పంపితే మాత్రం తొమ్మిది రూపాయల ఎనభై పైసలకు పది రూపాయలిచ్చి, మిగిలిన ఇరవై పైసలకు రెండు పచ్చిమిరపకాయలు కొసరడిగి మరీ తెచ్చుకుంటాడు.

పిల్లాడు ఒక్కడే, లెక్కా ఒక్కటే. బజార్లో 28 అంటే కిలో మీద రేటు, 350 అంటే తక్కెడలో ఉన్న గ్రాములు. నోటుబుక్కులోకి వచ్చేసరికి రెండూ వట్టి అంకెలైపోయాయి. ఒకటి దేని మీద చెప్పారో, రెండోది దేన్ని కొలిచిందో ఊడిపోయింది. నా ఉద్దేశంలో మనం 'లెక్క రాదు' అని చెప్పుకునే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇదే. కూడికలూ తీసివేతలూ ఫోను చేసిపెడుతుంది. ఈ అంకె దేని మీద అన్నది మాత్రం మనమే అడగాలి. టమాటా దగ్గర అడగకపోతే నవ్వుకుని ఊరుకుంటాం. బంగారం దగ్గర, అప్పు దగ్గర అడగకపోతే వేలల్లో పోతుంది.

బజారు లెక్క, బడి లెక్క వేరువేరుగా బతుకుతాయన్న సంగతి మీద పరిశోధనలు కూడా ఉన్నాయి. బ్రెజిల్‌లో రెసిఫె అని మన విశాఖలాగే సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ వీధుల్లో కొబ్బరికాయలూ పళ్లూ అమ్ముకునే ఐదుగురు పిల్లలతో చేసిన అధ్యయనం 1985లో అచ్చయింది. బేరం చేస్తున్నట్టుగా అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని తర్వాత కథలాగా చెప్పి అడిగితే 74కి తగ్గింది. కథ కూడా తీసేసి వట్టి అంకెల లెక్కలిస్తే 37కి పడిపోయింది. అందులో ఒక అబ్బాయి కాయ 35 చొప్పున పది కాయల ధర చెప్పిన తీరు చూడండి. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, అలా కూడుకుంటూ పోయి 350కి చేరాడు. పదితో హెచ్చవేస్తే పక్కన సున్నా పెడితే చాలన్న కిటుకు అతనికి అవసరం పడలేదు. కాయల్ని మాత్రం ఒక్క క్షణం కూడా మర్చిపోలేదు.

మన దేశంలోనూ ఇలాంటిదే చూశారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన పరిశోధన 2025లో వచ్చింది. కొట్లో చకచకా లెక్క చెప్పే పిల్లలు బడి పద్ధతిలో అడిగితే తడబడ్డారు. బళ్లో చదివే పిల్లలకు బజారు లెక్క ఇస్తే వాళ్లూ తడబడ్డారు. ఈ రెండో సగాన్ని మనం సాధారణంగా పట్టించుకోం. వీధి తెలివి గొప్పదంటూ మురిసిపోయి ఊరుకుంటాం. అటు నుంచి ఇటు వంతెన లేదు, ఇటు నుంచి అటూ లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. అంకెల పని కూడా అందరికీ వచ్చేసిందని కాదు. ఊళ్లలో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ 2024 సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతమే. ఆ లోటు వేరు, దాని సంగతి వేరే చెప్పుకోవాలి. ఇక్కడి మాట భాగహారం వచ్చిన తర్వాత కూడా మిగిలే చిక్కు గురించి.

పేర్లు ముందు, అంకెలు తర్వాత

ఈ చిక్కు పాతకాలం వాళ్లకు బాగా తెలుసు. ఆర్యభటుడు 499లోనే చెప్పిన త్రైరాశికం అదే. తెలిసిన మూడు అంకెల నుంచి తెలియని నాలుగోది రాబట్టే పద్ధతి. మన తాతలు 'ఇంతకింతైతే అంతకెంత' అన్నది దీన్నే. అందులో నాకు నచ్చేది సూత్రం కాదు, సూత్రం కంటే ముందు చేసే పని. మూడు అంకెలకూ ముందుగా పేర్లు పెట్టాలి. ఎంతకు రేటు చెప్పారో అది ప్రమాణం. ఆ రేటు ఫలం. మనకు ఎంత కావాలో అది ఇచ్ఛ. ప్రమాణం, ఇచ్ఛ ఒకే జాతివి కావాలనీ, వాటిని రెండు చివర్లా రాయాలనీ, వేరే జాతిదైన ఫలాన్ని మధ్యలో రాయాలనీ 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు స్పష్టంగా చెప్పాడు. ఆ తర్వాతే ఫలాన్ని ఇచ్ఛతో హెచ్చవేసి ప్రమాణంతో భాగించడం.

టమాటా లెక్కను ఇందులో పెట్టండి. ప్రమాణం 1 కిలో, ఫలం 28 రూపాయలు, ఇచ్ఛ 350 గ్రాములు. చివర్లు రెండూ ఒకే జాతివా? కిలో ఒకవైపు, గ్రాములు ఒకవైపు. కాదు. కిలోను 1,000 గ్రాములు చేస్తే గానీ అడుగు ముందుకు పడదు. చేశాక 28 × 350 ÷ 1,000, అంటే 9.80. పిల్లాడు 9,800 రాయడానికి ఇక సందే లేదు. రాజరాజ నరేంద్రుడి కాలం వాడిగా చెప్పే పావులూరి మల్లన, అంతకుముందు సంస్కృతంలో రాసిన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే తెలుగులో కవిత్వం మొదలవుతున్న రోజుల్లోనే లెక్కలు కూడా తెలుగులోకి వచ్చాయి. పేర్లు పెట్టే ఆ అలవాటు మాత్రం మన ట్యూషన్ సెంటర్లకు చేరేలోపు దారిలో ఎక్కడో జారిపోయింది.

దాని స్థానంలోకి వచ్చింది మాటల్ని పట్టుకునే పద్ధతి. 'మొత్తం' అని ఉంటే కూడెయ్, 'మిగిలింది' అని ఉంటే తీసెయ్, 'ఒక్కొక్కరికి' అని ఉంటే భాగించెయ్. పరీక్ష ముందురోజు టెన్షన్లో ఇది దివ్యంగా పనిచేస్తుంది, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో చాలా లెక్కలు అలాగే రాస్తారు. కాస్త మెలి తిప్పితే బెడిసికొడుతుంది. 'అక్క దగ్గర 35 రూపాయలున్నాయి. అవి తమ్ముడి దగ్గరున్న వాటికంటే 12 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎంత?' అని అడగండి. 'ఎక్కువ' అన్న మాట చూడగానే 47 అంటారు. జవాబు 23. 1987లో అమెరికాలో కాలేజీ విద్యార్థులకు ఇలాంటి మెలిక లెక్కలిస్తే వాళ్లూ మామూలు లెక్కల్లో కంటే ఎక్కువగానే తప్పారు. కాబట్టి పిల్లల్ని తిట్టి లాభం లేదు. కాగితం మీద రెండు గీతలు గీయమనండి, ఒకటి అక్కది, ఒకటి తమ్ముడిది. ఎవరి గీత పొడుగో తేలకుండా కలం అంకెల జోలికి పోకూడదు. ఈ ఒక్క షరతుతో ఇలాంటి పద సమస్యల్లో చాలామటుకు వాటంతటవే విడిపోతాయి.

యాభై శాతం పెద్దదా, ఆరు శాతం పెద్దదా

శాతాల దగ్గరికి వస్తే పెద్దవాళ్లం కూడా ఏడో తరగతికే వెళ్లిపోతాం. శాతానికి సొంతంగా విలువ ఉండదు. దేని మీద అన్నదాన్ని బట్టే ఉంటుంది. జగదాంబ సెంటర్ చుట్టుపక్కల పండగ సీజన్లో బంగారం షాపుల ముందు కట్టే బ్యానర్లు చూడండి. ఒకచోట 'తరుగుపై 50 శాతం తగ్గింపు' (తరుగంటే నగ చేసేటప్పుడు పోయే బంగారం పేరిట బిల్లులో కలిపేది), ఎదురుగా ఇంకోచోట 'మొత్తం విలువపై 6 శాతం తగ్గింపు'. జనం యాభై వైపే నడుస్తారు.

ఎస్టిమేట్ స్లిప్పు తీసుకుని ఒక్కో లైను చదువుదాం. లెక్క తేలిగ్గా ఉండటానికి 22 కేరట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. రెండు కాసుల గొలుసు, అంటే 16 గ్రాములు. మొదటి లైనులో బంగారం విలువ 1,60,000. రెండో లైను తరుగు, 12 శాతం అనుకుంటే 19,200. ఈ 12 శాతం బంగారం విలువ మీద. రెండూ కలిపి 1,79,200. మూడో లైను జీఎస్టీ 3 శాతం, ఇది పై రెండూ కలిపిన మొత్తం మీద, 5,376 రూపాయలు. చేతి నుంచి పోయేది 1,84,576.

స్లిప్పులో రెండు చోట్ల శాతం ఉంది, రెండింటికీ పునాదులు వేరు. ఇప్పుడు తగ్గింపు సంగతి. తరుగుపై 50 శాతం అంటే 19,200లో సగం, 9,600. మొత్తం విలువపై 6 శాతం అంటే 1,79,200లో ఆరు శాతం, 10,752. ఆరే పెద్దది! తరుగు 12 శాతం కాబట్టి అందులో సగం బంగారం విలువలో 6 శాతమే. ఎదురు షాపు వాడు అదే 6 శాతాన్ని తరుగు కూడా కలిసిన పెద్ద మొత్తం మీద ఇస్తున్నాడు. షాపువాళ్లు అబద్ధమేమీ ఆడలేదు. రెండు బ్యానర్లూ నిజమే చెప్తున్నాయి, చిన్న అక్షరాల్లో. (ఇదే గొలుసును రేపు మార్చుకోవడానికి తీసుకెళ్తే తరుగు కింద కట్టిన డబ్బు మామూలుగా వెనక్కి రాదు. బంగారం పెట్టుబడే కదా అని నగలు కొనేవాళ్లు ఈ ఒక్క లైనూ ఇంకోసారి చదువుకోవాలి.)

వెనక్కి లెక్క కట్టేటప్పుడూ ఇదే తంటా. 18 శాతం జీఎస్టీ కలిపి బిల్లు 1,180 వచ్చింది, అసలు ధరెంత అంటే చాలామంది 1,180లో 18 శాతం తీసేసి 967 రూపాయల 60 పైసలు అంటారు. పన్ను వేసింది 1,180 మీద కాదు, అసలు ధర మీద. 1,180ని 118తో భాగించి 100తో హెచ్చవేస్తే 1,000. ఇరవై శాతం పెరిగిన అద్దె మళ్లీ ఇరవై శాతం తగ్గితే పాత అద్దెకు రాదు, అంతకంటే కిందికి దిగుతుంది. అలా తగ్గించే ఇంటి ఓనరు దొరకడం వేరే సమస్య.

పదివేలకు వెయ్యి వడ్డీ, అంతేనా

అప్పుల్లో 'దేని మీద'తో పాటు 'ఎన్నాళ్లకి' కూడా తోడవుతుంది. మన వైపు వడ్డీ చెప్పుకునే తీరు నిజానికి చాలా శుభ్రంగా ఉంటుంది. 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం. 'రూపాయిన్నర' అంటే 18 శాతం. బ్యాంకువాళ్లు 12 శాతం అంటే మన భాషలో రూపాయి వడ్డీ. పునాది, కాలం, రెండూ ఆ మాటలోనే ఉన్నాయి.

ఆ రెండూ మాయమయ్యే అప్పుల దగ్గరే జాగ్రత్త పడాలి. పూర్ణా మార్కెట్ లాంటి చోట్ల చిన్న వ్యాపారులకు డైలీ ఫైనాన్స్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఒక రకం ఇలా ఉంటుంది. పదివేల అప్పు రాసుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. 'ఎంతమ్మా వడ్డీ?' అంటే 'పదివేలకి వెయ్యే బాబూ, పది శాతం' అంటుంది కూరగాయల బండి ఆవిడ. ఫైనాన్స్ అబ్బాయి చెప్పిందీ అదే.

మొదటి పొర: ఆవిడ చేతికొచ్చింది తొమ్మిది వేలు. వెయ్యి వడ్డీ ఆ తొమ్మిది వేల మీద, అంటే 11 శాతం దాటింది. రెండో పొర ఇంకా లోతు. ఆ తొమ్మిది వేలు వంద రోజులూ ఆవిడ దగ్గర లేవు. మర్నాటి నుంచే తీరుతున్నాయి. యాభయ్యో రోజుకు ఐదు వేలు కట్టేసింది. మొదటిరోజు తొమ్మిది వేలు, చివరిరోజు సున్నా, సగటున ఆవిడ వాడుకున్నది నాలుగున్నర వేల చిల్లర. వెయ్యి రూపాయలు పడింది ఈ నాలుగున్నర వేల మీద. అంటే 22 శాతం పైన. మూడో పొర కాలం. ఈ 22 శాతం ఏడాదికి కాదు, వంద రోజులకి. ఏడాదిలో అలాంటి వంద రోజులు మూడున్నర సార్లకు పైగా ఉంటాయి. లెక్క కడితే ఏడాదికి సుమారు 80 శాతం తేలుతుంది.

దీన్నే మన పాత పద్ధతిలో చెప్తే నూటికి నెలకు ఆరున్నర రూపాయల పైమాటే. 'ఆరున్నర రూపాయల వడ్డీకి తీసుకుంటావా?' అని ఆవిడనే అడిగి చూడండి, 'అంత వడ్డీకి ఎవరు తీసుకుంటారు బాబూ' అంటుంది. ఆవిడకు లెక్క రాదనుకోవడం పొరపాటు. రోజూ పాతిక రకాల కూరగాయల ధరలు కాగితం లేకుండా నడుపుతుంది. అప్పును ఆవిడకు అలవాటైన కొలతలో ఎవరూ చెప్పలేదు, అంతే. తెల్లవారుజామున సరుకు కొనడానికి చేతిలో డబ్బు కావాలి, ఆ వేళకు ఏ బ్యాంకూ తలుపు తీయదు. అందుకని తెలిసినా తీసుకోవచ్చు. తెలిసి తీసుకుంటే ఎన్ని రోజులకు ఒకసారి తీసుకోవాలో, చీటీ పాడుకుని తీర్చేస్తే ఎంత కలిసొస్తుందో బేరీజు వేసుకునే వీలుంటుంది.

వాయిదాల్లో కొనే ఫ్రిజ్‌లూ బైకుల మీద 'ఫ్లాట్ 12 శాతం' అనేదీ ఇదే కుటుంబం. 60,000 అప్పు, ఏడాదిలో తీర్చాలి. ఫ్లాట్ అంటే వడ్డీ మొదటిరోజు అసలు మీదే ఏడాది పొడుగునా నడుస్తుంది, 7,200. నెలనెలా ఐదు వేలు అసలు తీరుతూ, మిగిలిన బాకీ మీదే నెలకు ఒక శాతం కడితే వడ్డీ 3,900. శాతం రెండు చోట్లా పన్నెండే.

భాగించాక ఏం చేయాలి

లెక్క ముగిసిందనుకున్న చోట కూడా ఓ గొయ్యి ఉంది. స్కూల్లో 130 మంది పిల్లల్ని జూకి తీసుకెళ్లాలి, బస్సుకు 48 సీట్లు. 130ని 48తో భాగిస్తే 2, శేషం 34. ఇంతవరకు ఒకటే లెక్క. ఇప్పుడు ప్రశ్న మారుస్తూ చూడండి. ఎన్ని బస్సులు కావాలి? మూడు. పూర్తిగా నిండేవి ఎన్ని? రెండు. మూడో బస్సులో ఎంతమంది? 34. టీచర్లకూ ఆయాలకూ ఎన్ని సీట్లు మిగిలాయి? 14. బస్సుకు 9,000 అద్దె అయితే పిల్లాడికి ఎంత వసూలు చేయాలి? 27,000ని 130తో భాగిస్తే 207 రూపాయల 69 పైసలు. ఏ స్కూలూ అలా అడగదు, 210 అంటుంది, మిగిలిన మూడు వందలు డ్రైవర్ల టీలకు పోతాయి. ఒకటే ప్రయాణం, ఐదు జవాబులు. ఏది రాయాలో శేషం చెప్పదు, బస్సు చెప్తుంది.

అమెరికాలో 1980ల మొదట్లో 13 ఏళ్ల పిల్లలకు ఒక జాతీయ పరీక్షలో ఇదే రకం లెక్క ఇచ్చారు. 1,128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు? భాగహారం 70 శాతం మంది సరిగ్గా చేశారు. 32 అని రాసినవాళ్లు 23 శాతం మందే. 29 శాతం మంది '31, శేషం 12' బస్సులు అని రాశారు. ఆ 12 మంది సైనికులు ఇంకా అక్కడే నిలబడి ఉన్నారన్నమాట.

సగటుల్లోనూ పునాది మారిపోతుంది. శృంగవరపుకోట దాటాక అరకు దాకా ఘాట్ రోడ్డు 60 కిలోమీటర్లు అనుకోండి. లారీల వెనక ఎక్కుతూ గంటకు 20 చొప్పున వెళ్లారు, దిగేటప్పుడు 30 చొప్పున వచ్చారు. సగటు వేగం 25 అని నోటికొస్తుంది. ఎక్కడానికి మూడు గంటలు, దిగడానికి రెండు, 120 కిలోమీటర్లకు ఐదు గంటలు, అంటే 24. సగటు వేగం గంటల మీద నడుస్తుంది, మెల్లగా పోయిన దారి ఎక్కువ గంటలు తింటుంది.

మొదలూ చివరా లెక్కపెట్టడం ఇంకో చిన్న చిక్కు. బీచ్ రోడ్డులో కిలోమీటరు పొడుగున 25 మీటర్లకొక దీపస్తంభం వేయాలంటే 40 కాదు, 41 కావాలి, రెండు చివర్లా వేసేటట్టయితే. 1,000ని 25తో భాగిస్తే వచ్చేవి మధ్య ఖాళీలు. ఆస్పత్రిలో 5వ తేదీన చేరి 9న డిశ్చార్జి అయితే రాత్రులు నాలుగు, తేదీలు ఐదు. రూము అద్దె దేని మీద వేస్తారో చేరేటప్పుడే అడిగితే మంచిది.

త్రైరాశికం ఇంత బాగుంటే అన్నిచోట్లా వేసేయొచ్చా? వేయకూడదు. నలుగురు మేస్త్రీలు ఆరు రోజుల్లో కట్టే గోడను ఎనిమిది మంది మూడు రోజుల్లో కడతారు. ఇక్కడ ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుంది, దీనికి పాతవాళ్లే వ్యస్త త్రైరాశికం అని వేరే పద్ధతి పెట్టుకున్నారు. కొన్ని రెండింటికీ లొంగవు. గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ ఎనిమిది గంటల్లో పూర్తిచేస్తాడని కాగితం చెప్తుంది. కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరినవాళ్లను హనుమంతవాకలో ఒకసారి, మాధవధార దాటాక ఒకసారి చూస్తే కాగితం మాట తేలిపోతుంది. కాళ్లు లాగుతాయి, జనం అడ్డుపడతారు, దారి పొడుగునా మజ్జిగా పులిహోరా పంచేవాళ్లు ఆపుతారు. 1994లో బెల్జియంలో పిల్లలకు, వంద మీటర్లు 17 సెకన్లలో పరిగెత్తేవాడు కిలోమీటరు ఎంతసేపట్లో పరిగెత్తుతాడని అడిగారు. దాదాపు అందరూ 170 సెకన్లనే రాశారు. అలసట సంగతి వాళ్లకు తెలియదా? తెలుసు. లెక్కల కాగితం మీద దానికి చోటు లేదనుకున్నారు.

ఇంతకంటే విడ్డూరం ఫ్రాన్స్‌లో జరిగింది. 1980 ప్రాంతంలో గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఏదో ఒక జవాబు రాశారు. 36 వస్తుంది కూడితే, కెప్టెన్‌కు తగిన వయసే! పోర్టున్న ఊరు కాబట్టి విశాఖ పిల్లలకు ఈ ప్రశ్న ఇంకా సహజంగా ఉంటుంది, ఇంట్లో అడిగి చూడండి. 'ఇందులో వయసు తెలియడానికి ఏమీ లేదు' అని పిల్లాడు అంటే మెచ్చుకోవాలి. అలా అనే అవకాశం మన ప్రశ్నపత్రాల్లో ఎప్పుడూ ఇవ్వం.

ఇంట్లో ఏం చేయొచ్చు అంటే, పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. హంగేరీలో పుట్టిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో లెక్క సాధనకు నాలుగు మెట్లు చెప్పాడు. అర్థం చేసుకో, దారి ఆలోచించు, చెయ్, వెనక్కి చూసుకో. మన చదువులు మూడో మెట్టు మీదే కూర్చున్నాయి. మొదటి మెట్టుకు నాకు తెలిసిన మంచి ఉపాయం, లెక్కలోని అంకెల మీద వేలు పెట్టి మూసేసి కథ చెప్పమనడం. 'కిలో ఇంత అని టమాటాలమ్ముతున్నారు, నేను కొన్ని గ్రాములు కొన్నాను' అని చెప్పగలిగితే సగం పని అయినట్టే. నాలుగో మెట్టుకు కాలిక్యులేటర్ కూడా వద్దు, మాటలు చాలు.

'కిలో ఎంతరా?'

'ఇరవై ఎనిమిది.'

'అరకిలో?'

'పద్నాలుగు.'

'నువ్వు కొన్నది అరకిలో కంటే ఎక్కువా తక్కువా?'

'తక్కువే అమ్మా.'

'మరి తొమ్మిది వేల ఎనిమిది వందలు ఎక్కడివిరా?'

అంతే. దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో ఇంకెవరూ నేర్పక్కర్లేదు. జవాబు పద్నాలుగు లోపల ఉండాలని వాడికే తెలిసిపోయింది.

ఇక్కడిదాకా చెప్పుకున్నవాటిలో పునాది ఎక్కడో ఒకచోట రాసే ఉంది, వెతుక్కుంటే దొరికేది. రాయనివి కూడా ఉంటాయి. ఎండాకాలం విశాఖ అపార్ట్‌మెంట్లలో నీళ్ల ట్యాంకర్ల ఖర్చు పంచుకోవడం అలాంటిదే. ఇరవై ఫ్లాట్లు, మొత్తం అరవై మంది, నెలకు ట్యాంకర్లకు 24,000 అయింది అనుకోండి. ఫ్లాటుకింత అంటే ఒక్కో ఫ్లాటుకు 1,200. మనిషికింత అంటే 400, అప్పుడు పిల్లలు అమెరికాలో ఉన్న ముసలి దంపతులు 800 కడతారు, పక్కింట్లో ఆరుగురున్న కుటుంబం 2,400 కడుతుంది. చదరపు అడుగుకింత అంటే ఆ దంపతులదే పెద్ద ఫ్లాటైతే వాళ్లకే ఎక్కువ పడుతుంది. మూడు పద్ధతుల్లోనూ మొత్తం 24,000కే వస్తుంది, ఎక్కడా రూపాయి తేడా రాదు. అందుకే అసోసియేషన్ మీటింగ్‌లో సెక్రటరీ గారు కాలిక్యులేటర్ తీసి మూడుసార్లు చూపించినా గొడవ తెగదు. అక్కడ నడుస్తున్నది కూడికల గురించిన తగువు కాదు, మూడో అంతస్తు ఆయనా ఐదో అంతస్తు ఆవిడా దేని మీద అన్న చోటే ఆగిపోయారు. చివరికి నీటి మీటర్లు పెట్టించుకుంటే పోలే అని ఎవరో ఒకరు అంటారు. ఆ మీటర్ల ఖర్చు ఫ్లాటుకింతా, మనిషికింతా అని ఇంకొకరు అడుగుతారు.